ఏడో వీధి బెల్లం దిమ్మ

నమోదు 1

ఏడో వీధిలో అంగడి లేదు. నేల కింద తవ్విన మా లోనూరులో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతే ఇది. ఉప్పు కావాలన్నా, సబ్బుబిళ్ళ కావాలన్నా అక్కడివాళ్లు రెండో వీధిదాకా నడిచి రావాల్సిందే. అలాంటిది ఈ పక్షంలో ఊరు మొత్తమ్మీద బెల్లం అమ్మకాలు ఎక్కువగా జరిగింది ఎక్కడా అని చూస్తే, ఏడో వీధిలో.

మొదట యంత్రం పాడైందనుకున్నాను. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ అరచేతులు ఆనించే తాకుబిళ్ళలు బాగా పాతబడ్డాయి. అప్పుడప్పుడు ఒక అమ్మకాన్ని రెండుగా చూపిస్తుంటాయి. కానీ ఇన్నిసార్లా? అదీ ఒకే వీధిలో, అదీ ఒక్క బెల్లమేనా?

ఇలాంటివి చూస్తే మా ఆఫీసులో మిగతావాళ్లకు ఏమీ కాదు. నాకు మాత్రం చెప్పులో రాయి పడ్డట్టు ఉంటుంది. "ప్రతిదాంట్లో వేలు పెట్టకపోతే నీకు అన్నం అరగదే శేషవేణీ" అంటుంది మా అమ్మ. పెళ్లిచూపులకొచ్చిన వాళ్లను కూడా నేనే నాలుగు ప్రశ్నలడిగి పంపించేశానని ఆవిడ దిగులు. ఈ ఉద్యోగానికి ఆ గుణం పనికొస్తుందనే నన్ను తీసుకున్నారు మరి. అమ్మిన ప్రతి సరుకు మీదా నూటికి ఒకటి చొప్పున ఊరి మీది రాతికప్పు కూలకుండా చూసే కప్పు కావలికి చేరుతోందా లేదా అని చూడటం నా పని. జనం దాన్ని పన్ను అనరు, 'నూటికొకటి' అంటారు.

మా పెద్ద తనిఖీదారు చక్రపాణి గారికి చూపించాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి జరుపుకుని, బోను దిగిన రోజు సరుకుల పట్టీ తిరగేశారు. పైన ఎండలో యంత్రాలు పండించి వండినవన్నీ ఆ బోనులోనే మాకు దిగుతాయి. అది మళ్లీ దిగేది చలిగాలులు మొదలయ్యాకే.

"వేణీ, ఏడో వీధివాళ్లు ఈసారి కొనుక్కెళ్లింది ఒక్క దిమ్మ" అన్నారాయన.

"ఒక్కటేనా సార్?"

"ఒక్కటే. రెండో వీధి కోమటాయన దగ్గర. చూసి రా."

ఒక్క దిమ్మ అన్నిసార్లు ఎలా అమ్ముడుపోతుంది? ముక్కలు చేసి అమ్మారా అంటే, ప్రతి అమ్మకంలోనూ దిమ్మ మొత్తం ధర పడింది. ఇంటికొచ్చి అన్నం తింటున్నా అదే ఆలోచన. అమ్మ రెండోసారి వడ్డించిన సంగతి కూడా నేను గమనించలేదు.


నమోదు 2

పొద్దున్నే ఏడో వీధికి వెళ్లాను. చివరిసారి అక్కడికి వెళ్లి చాలా కాలమైంది. ఊళ్లో అన్నిటికన్నా పాత తవ్వకం అది, కప్పు తక్కువ ఎత్తు. చెయ్యెత్తితే రాయి తగులుతుంది. ఇళ్లల్లో కప్పు కింద పాత చీరలు కట్టుకున్నారు. ఎందుకో అని చూస్తుండగానే ఒక చీర మీద సున్నపురాయి పొడి సర్రున రాలింది. మా వీధిలో అలా రాలితే ఆ పూటే కప్పు కావలివాళ్లు ఇనుప గడలు పట్టుకుని వస్తారు. రాతిని తట్టి చెవి ఒగ్గి విని, ఎక్కడ పొర వదులైందో పట్టుకుని దూలం నిలబెడతారు. ఏ వీధి అమ్మకం ఆ వీధి కావలికే. అమ్మకమే లేని ఏడో వీధికి కావలే లేదు.

ఖాజాబీ అనే ఆవిడ చంటిపిల్లల్ని చూసుకునే ఇల్లొకటి నడుపుతోంది. నా మెడలో తనిఖీ బిళ్ళ చూసి కూడా ఏమీ తడబడలేదు.

"ఏం మేడం, దారి తప్పినారా? మీవాళ్లు ఈ దిక్కు రారే."

"బెల్లం గురించి వచ్చాను."

"కూర్చోండి. టీ తాగుదురు."

కూర్చున్నాను. ఆ గుమ్మంలోంచి వీధంతా కనిపిస్తుంది. నీళ్ల గొట్టాలు బాగుచేసే మద్దిలేటి అనే ఆయన ఖాజాబీ పక్కింటి తలుపు తట్టాడు. ఆ ఇంటావిడ పసుపుబట్టలో మూటకట్టిన దాన్ని తెచ్చింది. ఇద్దరూ వీధి మధ్యనున్న తాకుబిళ్ళ దగ్గర చేతులానించారు. మద్దిలేటి మూటను ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి వాసన చూసుకుని ఇంట్లోకి తీసుకుపోయాడు. నా టీ పూర్తయ్యేలోపు మద్దిలేటి పక్కింటాయన వచ్చి అతని తలుపు తట్టాడు. అదే మూట, అదే ధర, మళ్లీ చేతులు. కొంతసేపటికి ఆ అవతలి ఇంటివాళ్లు.

నాకు విషయం అర్థమై ముందు నవ్వొచ్చింది. వీధి చివరికి పోయిన మూట అవతలి వరసలోంచి తిరిగి వస్తోంది. ప్రతి ఇంటివాళ్లూ కొన్న ధరకే అమ్ముతున్నారు. ఎవరికీ లాభం లేదు, నష్టమూ లేదు, ఒక్క నూటికొకటి తప్ప. ఆ ఒక్కటి మూట చెయ్యి మారినప్పుడల్లా ఏడో వీధి కావలి ఖాతాలో పడుతోంది.

"బెల్లమే ఎందుకు?" అన్నాను.

"ఇంగేం తిప్పాల? గిన్నె తిప్పితే పాత సామాను అంటారు, పాతవాటికి పన్ను లేదంటారు. కూరగాయలు చెడిపోతాయి. పిండికి పురుగు పడతాది. బెల్లం అయితే ఉంటాది."

"అంగడి పెట్టుకోవచ్చుగా?"

"పెట్టినాం. బోను దిగేది రెండో వీధిలో. ఆడినుంచి బండి కూలి ఇచ్చి తెచ్చి అమ్మితే, మా వీధోళ్లే పోయి రెండో వీధిలో కొంటిరి. నేను కూడా ఆడనే కొంటి, అబద్ధమేంటికి?"

చందా వేసుకోకూడదా అని అడగబోయి ఆగాను. కప్పు కావలికి చందా తీసుకోవడం ఈ ఊళ్లో నేరం. ఖాజాబీ నా ముఖం చూసి ఆ ప్రశ్న కూడా అర్థం చేసుకుంది. లోపల పడుకున్న పిల్లల వైపు చెయ్యి చూపించింది.

"ఆ మూల పొద్దన పూట టప్ టప్ మని శబ్దం వస్తాది మేడం. ఇంగ కొంచెం చేరితే కావలోళ్లని ఇస్తారంట గదా. ఈ నెలాఖరుకి చేరతాది. అందాక మమ్మల్ని ఏమీ అడగొద్దండి."

నా టీ కప్పులో తెల్లటి పొడి తేలుతోంది. నవ్వు పోయింది. ఆ పిల్లల్ని చూస్తే భయం వేసింది.


నమోదు 3

"ఇది అమ్మకం కాదు వేణీ, ఆట" అన్నారు చక్రపాణి గారు.

"తాకుబిళ్ళ మీద చేతులు పెట్టారు. డబ్బు మారింది. సరుకు మారింది. పన్ను కట్టారు సార్."

"రేపు రెండో వీధివాళ్లు ఉప్పు బస్తా తిప్పడం మొదలుపెడితే? వాళ్లకు మనుషులెక్కువ, డబ్బెక్కువ. ఉన్న కావలి జట్లన్నీ వాళ్ల కప్పు కిందికే పోతాయి. అప్పుడు ఏడో వీధేం చేస్తుంది, ఏనుగును తిప్పుతుందా?"

 ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. ఆయన ఎప్పుడూ మాట్లాడని సంగతి ఎత్తారు. మూడో వీధి కూలిన రోజుల్లో కావలి చందాల మీద నడిచేది. చక్రపాణి గారి అన్న చందా కట్టాడు, పక్కింటాయన కట్టలేదు. కావలివాళ్లు వచ్చి చందా కట్టిన ఇంటి కప్పు మాత్రమే తట్టి బాగుందని వెళ్లిపోయారు. పక్కింటి మీద వదులైన పొర ఆ వారంలోనే కిందికొస్తూ వాళ్లన్న ఇంటిని కూడా తీసుకుపోయింది.

"రాయికి ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో తెలియదు" అన్నారు. "అందుకే అమ్మకం మీద పెట్టాం. ఉప్పు కొనని మనిషి ఉండడు కదా. ఏడో వీధివాళ్లు చేస్తున్నది చందా. దానికి బెల్లం పూశారు, అంతే."

తర్వాత చట్టం తీసి చదివించారు. కొన్నవాడు ఆ వస్తువును తన ఇష్టం వచ్చినట్టు చేసుకోగలిగితేనే అది అమ్మకం. కొన్నవాడికి ఆ స్వేచ్ఛ లేకపోతే అది అమ్మకం కాదు, దాని మీద వచ్చిన పన్నూ చెల్లదు.

"ఆ వీధిలో ఒక్కరైనా దిమ్మను అమ్మకుండా అట్టిపెట్టుకున్నారా?"

"లేదు సార్."

"అట్టిపెట్టుకోగలరా?"

ఇంటింటికీ వెళ్లి అడిగి వస్తానన్నాను. పక్షం చివర విచారణ పెట్టారు. ఏడో వీధికి కావలి వస్తుందా, కట్టిందంతా వెనక్కి పోతుందా అన్నది నేను తెచ్చే నివేదిక మీద ఉంది. నాకు ఆయన్నూ కాదనబుద్ధి కావడం లేదు, ఖాజాబీనీ కాదనబుద్ధి కావడం లేదు.


నమోదు 4

ఇంటింటికీ వెళ్లి ఒకటే ప్రశ్న అడిగాను. మీరు కొన్న బెల్లం మీకిష్టమైతే మీరే ఉంచుకోవచ్చా?

"అయ్యో, అదెట్ల మేడం?"

"వీధి బెల్లం గదా, మనమెట్ల ఉంచుకుంటాం?"

మద్దిలేటి అయితే చెవులు మూసుకున్నంత పని చేశాడు. "అట్లాంటి మాటలు అడగొద్దు మేడం. పక్కింటాయన కాసుకొని ఉంటాడు. ఆయనకి ఇయ్యకుంటే ముఖం ఎట్ల చూపిస్తా?"

ఇంత నిజాయితీగా వాళ్ల గొయ్యి వాళ్లే తవ్వుకునే జనాన్ని నేనెక్కడా చూడలేదు. ఒక్కరైనా అబద్ధమాడితే బాగుండుననిపించింది. అబద్ధమాడమని చెప్పడానికి లేదు, నేను తనిఖీదారుని అయిపోయాను. ఖాజాబీ ఇంట్లోనూ అదే జవాబు. "ఉంచుకుంటే వీధోళ్లు నాతో మాట్లాడతారా?"

ఆఖరికి ఖాజాబీ పక్కింట్లో ఓబులమ్మ, మొన్న మద్దిలేటికి మూట అమ్మినావిడే. ఒంటరి మనిషి. పైన పుట్టి, చిన్నపిల్లగా ఇక్కడికి దిగినవాళ్లలో మిగిలింది ఆవిడొక్కతే అని ఖాజాబీ చెప్పింది. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ నా ప్రశ్న విన్నది.

"ఉంచుకోవచ్చా?" అని నన్నే తిరిగి అడిగింది.

"అదే నేను మిమ్మల్ని అడుగుతున్నా అవ్వా."

"నువ్వు గదమ్మా ఆఫీసు నుంచి వచ్చినావు. నువ్వే చెప్పు. డబ్బిచ్చి కొన్నాంక, ఉంచుకుంటే తప్పా?"

"చట్టప్రకారం తప్పు లేదు. ఉంచుకోవచ్చు."

"ఓహో" అని మళ్లీ రాళ్లు ఏరుకుంది.

ఆవిడ జవాబు చెప్పలేదని నివేదికలో ఆ గడి ఖాళీగా వదిలేశాను.


నమోదు 5

ఏడో వీధి తాకుబిళ్ళ సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించే పని ఇవాళ. మూత విప్పి కూర్చున్నానో లేదో, వాసన వచ్చింది.

మా ఊళ్లో గాలి మర ద్వారా వస్తుంది కాబట్టి ఒక ఇంట్లో ఏం వండినా వీధంతా తెలుస్తుంది. కానీ ఇది నేనెప్పుడూ ఎరగని వాసన. నెయ్యిలాగా ఉంది, ఇంకేదో తియ్యగా, కాస్త మాడినట్టుగా ఉంది. నోట్లో నీళ్లూరాయి. ఏమిటా అని తలెత్తేసరికి వీధిలో మనుషులందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయి ఉన్నారు. మూట ఇప్పుడు ఎవరింట్లో ఉందో లెక్కేసుకుంటున్నారు.

అందరం ఓబులమ్మ గుమ్మం ముందు తేలాం. ఆవిడ పొయ్యి ముందు కూర్చుని గిన్నెలో గరిటె తిప్పుతోంది. పసుపుబట్ట ఉతికి ఆరేసి ఉంది.

"అవ్వా, అది మద్దిలేటికి అమ్మాల్సింది గదా" అన్నది ఖాజాబీ. 

"అడిగె. ఇయ్యనంటి."

"ఇయ్యనంటే ఎట్ల? ఇంగ కొన్ని సార్లు తిరిగితే కావలోళ్లు వచ్చేటోళ్లు. పిల్లోళ్లుండారు నా ఇంట్లో."

"నీకు డబ్బిస్తి గదా ఖాజాబీ. లెక్క సరిగ్గానే ఇస్తి." గరిటె ఆపకుండానే తల నావైపు తిప్పింది. "ఈ మేడమే చెప్పె. ఉంచుకోవచ్చంట."

అంతమంది ఒక్కసారిగా నన్ను చూడటం నా జన్మలో అదే మొదలు. 

"అవ్వా, ఏంటికి చేసినావు ఈ పని?" మద్దిలేటి మెల్లగా అడిగాడు.

"తినాలనిపిచ్చె. పైనున్నప్పుడు మా యమ్మ చేస్తా ఉండె పరమాన్నం. ఇన్నేండ్లలో దిమ్మ అంత బెల్లం నా చేతిలో ఎప్పుడు పడింది? పడినప్పుడల్లా పక్కింటికి ఇచ్చేయమంటిరి. మొన్ననే తెలిసె, ఇయ్యక్కర్లేదని." గిన్నె దించింది. "రాండి, కూర్చోండి. అందరికీ తలా రవ్వంత వస్తాది."

ఎవరూ కూర్చోలేదు. ఒక్కొక్కరే వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. ఖాజాబీ కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. ఓబులమ్మ ఒక గిన్నెలో వేసి నాకూ ఇచ్చింది. విచారణలో ఉన్న వస్తువును తినకూడదని చెప్పి వచ్చేశాను. అంత సిగ్గు, అంత ఆకలి రెండూ కలిసి నాకెప్పుడూ కలగలేదు.


నమోదు 6

ఇవాళ విచారణ. దానికి ముందే ఇంకో కాగితం వచ్చి ఉంది. ఓబులమ్మ మీద ఏడో వీధివాళ్ల ఫిర్యాదు. మా బెల్లం తినేసింది కాబట్టి ఆమె చేత కొత్త దిమ్మ ఇప్పించాలట. బెల్లం కొన్నవాళ్లదేననీ, అన్నీ నిజమైన అమ్మకాలేననీ వాదించాల్సినవాళ్లు, సరిగ్గా విచారణ రోజునే 'వీధి బెల్లం' అని రాసుకొచ్చారు. ఇక అయిపోయిందనుకున్నాను.

చక్రపాణి గారు ఆ ఫిర్యాదే ముందు తీసుకున్నారు. ఖాజాబీ, మద్దిలేటి ఎదురుగా నిలబడ్డారు. ఓబులమ్మ వెనక బల్ల మీద కూర్చుంది. ఆమెకు అటూ ఇటూ ఎవరూ కూర్చోలేదు.

"ఈమె డబ్బివ్వలేదా?" అని అడిగారాయన.

"ఇచ్చింది సార్. నాకే ఇచ్చింది" అన్నది ఖాజాబీ.

"తక్కువిచ్చిందా?"

"లేదు సార్. తక్కువేంటికి ఇస్తాది, ఆమె అట్లాంటి మనిషి కాదు."

"మరి మోసమేముంది?"

"తినేసింది గదా సార్."

వెనక ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. మద్దిలేటి వైపు తిరిగారు. "నువ్వు కొనడానికి వెళ్లావు. ఇవ్వనన్నది. అప్పుడింకా దిమ్మ దిమ్మగానే ఉంది కదా? మరి చేతిలోంచి తీసుకోలేకపోయావా? ముసలావిడేగా."

మద్దిలేటికి ఆ మాట నచ్చలేదు. "యాడ తీసుకుంటాం సార్? డబ్బిచ్చి కొనుక్కునింది. ఆమె సొమ్ము. ఇయ్యనంటే లాక్కునేకి మేమేమన్నా దొంగలమా?"

నా చేతిలో కలం ఆగిపోయింది.  నేను లేచి నిలబడి, ఒక ప్రశ్న అడగొచ్చా అన్నాను. ఆయన తలూపారు.

"ఆవిడ కాకుండా వేరే ఎవరైనా ఉంచుకుని ఉంటే ఏం చేసేవాళ్లు?"

"ఏం చేస్తాం మేడం" అన్నది ఖాజాబీ. "తిట్టుకుంటాం. మాట్లాడం. అంతే."

"లాక్కోరు?"

"అదెట్ల లాక్కుంటాం? వాళ్లది గదా."

 తామేమన్నారో వాళ్లిద్దరికీ ఇంకా తెలియలేదు. చక్రపాణి గారు నన్ను చూశారు.

"ఉంచుకోమని ఈవిడకు నువ్వు చెప్పావా?"

"ఉంచుకోవచ్చని చెప్పాను సార్. ఆ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ అడిగాను. అదెట్లా అన్నవాళ్లందరూ పక్కింటివాళ్లకు మొహమాటపడి అన్నారు. ఆపే హక్కు ఉందని ఒక్కరూ అనలేదు."

ఆయన చట్టం కాగితం ముందుకు లాక్కుని మళ్లీ చదివారు. వాళ్లన్న గుర్తొచ్చి ఉంటాడు. తర్వాత కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"మొహమాటం నేరం కాదు. కొన్నావిడ తన ఇష్టం వచ్చినట్టు చేసుకున్నది, ఎవరూ ఆపలేదు, ఆపకూడదని మీరే చెబుతున్నారు. కాబట్టి ఇవన్నీ అమ్మకాలే. పన్ను చెల్లుతుంది. కావలికి తగ్గిన కాస్తా ఎంతో లేదు, రేపు మీ వీధివాళ్లే ఉన్న ఉల్లిగడ్డలు ఒకరికొకరు అమ్ముకున్నా సరిపోతుంది. కావలి జట్టును పంపుతున్నాను."

"అయితే మా బెల్లం సార్?" అన్నది ఖాజాబీ.

"మీ బెల్లం లేదమ్మా. ఉన్నది ఆవిడ బెల్లం. అదీ అయిపోయింది."

ఒకే సరుకును ఇలా తిప్పే దారి మాత్రం వచ్చే నెలనుంచి మూసేస్తానన్నారు. దానికి బదులు ఎక్కడ కొన్నా సరే, కొన్న మనిషి ఏ వీధిలో ఉంటే నూటికొకటి ఆ వీధి కావలికి పోవాలని ఊరి సభలో పెడతానన్నారు. తాకుబిళ్ళకు ఏ చెయ్యి ఎవరిదో తెలుసు కదా. రెండో వీధివాళ్లు గోల చేస్తారు, చేయనివ్వండి అన్నారు. ఇది ముందే ఎందుకు తట్టలేదని అడగాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. మా అమ్మను తలచుకుని మింగేశాను.

బయటికొస్తుంటే ఖాజాబీ నా చెయ్యి పట్టుకుంది. ఓబులమ్మ వైపు మాత్రం చూడలేదు. గెలిచింది ఆవిడ వల్లేనని అర్థమయ్యాక కోపం ఇంకా ఎక్కువైనట్టుంది.


నమోదు 7

కావలి జట్టు ఏడో వీధిలో దిగింది. జట్టుకు పెద్ద గిడ్డయ్య. గడ పట్టుకుని మొదట ఖాజాబీ పిల్లల ఇంటికి వెళ్లాడు. శబ్దం వచ్చే మూల తట్టి, విని, ఇక్కడ పొర గట్టిగానే ఉంది, శబ్దం పక్కనుంచి వస్తోందన్నాడు. గోడ వెంబడే తట్టుకుంటూ ఓబులమ్మ ఇంట్లోకి వెళ్లాడు. పొయ్యి మీది కప్పు తట్టాడు. నాకు కూడా తేడా తెలిసింది. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగింది.

"అవ్వా, ఇల్లు ఖాళీ చేయాల. ఇప్పుడే. దూలాలు వచ్చేసరికి రేపయితాది" అన్నాడు.

ఆవిడకున్న సామానెంత. రెండు గిన్నెలు, చాప, బట్టలు. అవి పట్టుకుని వీధి మధ్యలో నిలబడింది. అటూ ఇటూ గుమ్మాల్లో మనుషులున్నారు. ఎవరూ కదల్లేదు. విచారణ రోజు నుంచి ఎవరూ ఆవిడతో మాట్లాడటం లేదు. నేను మా ఇంటికి తీసుకుపోదామని అడుగు వేశాను.

అంతలో మద్దిలేటి వచ్చి ఆవిడ చేతిలో గిన్నెలు తీసుకున్నాడు.

"మా ఇంట్లో పొయ్యి పక్కన జాగా ఉండాది. రా."

"నాతో మాట్లాడవు గదా నువ్వు?"

"మాట్లాడను. ఊరికే వచ్చి ఉండు."

ఆవిడ అతని వెనకే వెళ్లింది.  అలా నిలబడి చూస్తూ ఉండిపోయాను.


నమోదు 8

పొద్దున టిఫిన్ల వేళ ఏడో వీధిలో రాయి పడింది. మా ఆఫీసుదాకా నేల అదిరింది.

నేను వెళ్లేసరికి దుమ్ము కొంచెం సర్దుకుంటోంది. ఓబులమ్మ ఇల్లు లేదు. ఎద్దులబండంత రాయి ఒకటి సరిగ్గా పొయ్యి మీద కూర్చుని ఉంది. గిడ్డయ్య మనుషులు చుట్టూ దూలాలు నిలబెడుతున్నారు. ఖాజాబీ ఇంటి గోడకు ఏమీ కాలేదు, పిల్లలందరినీ నిన్ననే వీధి ఆ చివరకు మార్చారు. ఎవరికీ గీతైనా పడలేదు.

వీధి వీధంతా ఆ రాయి ముందు నిలబడి చూస్తోంది. ఓబులమ్మ కూడా వచ్చింది, మద్దిలేటి భార్య ఇచ్చిన కండువా కప్పుకుని.  అందరూ ఆవిడకు చోటిచ్చి పక్కకు జరిగారు. ఖాజాబీ జరగలేదు. ఆవిడ పక్కనే నిలబడి అడిగింది.

"ఎట్లుండె అవ్వా?"

"ఏది?"

"పరమాన్నం."



"తీపి చాల్లేదు" అన్నది ఓబులమ్మ. "యాడ చాలుతాది? దిమ్మ నా చేతికి వచ్చేసరికి చుట్టూరా గోటి గీతలే. మూడోవంతు లేదు. ఎవరెవరు గీక్కునినారో ఏమో."

ఎవరూ తలెత్తలేదు. మద్దిలేటి తన బొటనవేలి గోరు చూసుకుంటున్నాడు.

"నేను రవ్వంతే" అన్నాడు చివరికి.

"పిల్లోళ్లు ఏడుస్తాంటే నాలుక మీద అద్దినా" అన్నది ఖాజాబీ. "నేను కూడా కొంచెం."

"మేమూ రవ్వంతే" అన్నారు వెనకనుంచి. "ఆ పూటకి మాదే గదా, డబ్బిచ్చి కొన్నాం" అన్నారింకెవరో.

మీరే ఉంచుకోవచ్చా అని నేను ఇంటింటికీ వెళ్లి అడిగితే, అదెట్ల మేడం అన్నవాళ్లు వీళ్లే. ప్రతి ఇంట్లోనూ కాస్త ఉంచుకునే పక్కింటికి అమ్మారు. తగ్గిన దిమ్మను నిండు ధరకు కొని కూడా ఒక్కరూ నోరెత్తలేదు, తామూ గీకేవాళ్లే కాబట్టి. ఊరందరినీ ప్రశ్నలతో చంపే దాన్ని, మొదటి రోజునే ఆ మూట విప్పి తక్కెట్లో పెట్టి ఉంటే చక్రపాణి గారి ప్రశ్నకు జవాబు దొరికేది. నాకు ఆ ఆలోచనే రాలేదు.

ముందు ఓబులమ్మకే నవ్వొచ్చింది. తర్వాత ఖాజాబీకి, ఆ తర్వాత అందరికీ. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతున్నాం, రాయి ముందు నిలబడి.

"గమ్మునుండండప్పా" అని గిడ్డయ్య లోపల్నించి కేకేశాడు. "కప్పు వినబడల్యా నాకు."

అందరం నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నాం. మద్దిలేటి భుజాలు ఇంకా అదురుతున్నాయి. ఓబులమ్మ ఖాజాబీ చెయ్యి పట్టుకుంది. లోపల గిడ్డయ్య గడతో తడుతూ పక్కింటికి, ఆ పక్కింటికి నెమ్మదిగా వెళ్తున్నాడు, మేమంతా ఊపిరి బిగబట్టి వింటున్నాం.